పట్టికకు వెల ఎంత?

మన ఇళ్లలో ఏడాది పొడుగునా ఏ పుస్తకం కొన్నా కొనకపోయినా, ఉగాది ముందు ఒక పంచాంగం మాత్రం కొంటాము. నవల కొందామంటే నెలాఖరని తప్పించుకునే గృహస్థు కూడా పంచాంగం దగ్గర బేరమాడడు. ఆలోచిస్తే ఇది కాస్త చిత్రమైన వ్యాపారమే. సూర్యచంద్రులు ఎవరి సొత్తూ కారు. తిథులూ నక్షత్రాలూ ఏ ప్రచురణకర్తా పుట్టించినవి కావు. అయినా వాటిని లెక్కకట్టి, వరుసగా పేర్చి, తప్పులు లేకుండా అచ్చువేసి, వేళకు అందించినవానికి నాలుగు డబ్బులు వస్తూనే ఉన్నవి. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకం చెల్లదు. మళ్లీ కొత్తది కొనవలసిందే. సరుకు అందరిదీ, లాభం మాత్రం పేర్చినవానిది!

ఈనాడు పంచాంగానికి దాయాదులు వెబ్‌సైట్ల రూపంలో పుట్టుకొస్తున్నారు. పరీక్షా ఫలితాలు, రైళ్ల వేళలు, బంగారం ధర, ఊళ్ల పిన్‌కోడ్లు – ఏదో ఒక పట్టికను తెర మీద పెట్టి, వెతుక్కునేందుకు ఒక గడి ఇస్తే అదే వెబ్‌సైటు. ఇలాంటిది తయారు చేయడం ఈ కాలపు పిల్లలకు వారం రోజుల పని. చిక్కు ఎక్కడంటే, దానితో ఇల్లు గడుపుకోవడం ఎట్లా అన్న దగ్గర.

ఈ ప్రశ్న నాకు ఎదురైన తీరు చెబుతాను. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు వ్యాపారంతో ఏం పని అని మీరు అడగవచ్చు. ఆదోనిలో కాపురముండే మనిషికి పత్తి ధర పట్టకుండా పోదు. మార్కెట్ యార్డు కళకళలాడితే బజారు కళకళలాడుతుంది. యార్డు మందగిస్తే మా పిల్లల ఫీజుల గడువు పొడిగించమని తల్లిదండ్రులు కాలేజీకి వస్తారు. ఆ పిల్లల్లో ఒకడు – బి.ఎస్సీ. కంప్యూటర్లు చదివినవాడు, నా తెలుగు క్లాసులో చివరి బెంచీవాడు – చదువైన తరువాత ఒక పుట నడపడం మొదలుపెట్టాడు. రోజూ సాయంకాలం యార్డుకు పోయి, ఆ రోజు పత్తి, వేరుశెనగ, ఆముదాల ధరలు కనుక్కుని, తేట తెలుగులో పెడతాడు. రెండేళ్లుగా ఒక్క పూట మానలేదు. చుట్టుపక్కల పల్లెల్లో దాన్ని చూడని సెల్‌ఫోను లేదంటే అతిశయోక్తి కాదు. రోడ్డు మీద కనబడితే చాలు, "ఏమప్పా, ఈ పొద్దు పత్తి ఎంత పోయింది?" అని ఆపి అడుగుతారు.

పేరు వచ్చింది గాని పైసా రాలేదు. అతని తండ్రి ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తా. "ఊరందరికీ రేటు చెప్పే కొడుకు ఇంటికి మాత్రం ఒక రేటు తేలేదని మా నాయన అంటున్నాడు సార్" అని నా దగ్గర వాపోయాడు. బెంగళూరులో మేనమామ ఒక ఉద్యోగం చూసిపెట్టాడు. ఉగాదిలోగా ఏదో ఒకటి తేల్చమన్నారు. "ఈ పుటను వదిలిపెట్టి పోతే మళ్లీ దీన్ని నడిపేవాడు లేడు. ఉండి నడపాలంటే నా కడుపు నిండాలి. దారి చెప్పండి సార్" అన్నాడు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. ఆ మాట తప్పని చూపించుకోవడానికైనా నేను కొంత చదివి, కొంత విచారించి తెలుసుకున్న సంగతులివి.

సమాచారం అమ్ముకుని బతకడం ఇంటర్నెట్‌తో పుట్టిన విద్య కాదు. 17వ శతాబ్ది చివర లండను నగరంలో ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన కాఫీ హోటలు నడిపేవాడు. ఓడల యజమానులూ, నావికులూ, సరుకుకు పూచీపడే షావుకార్లూ అక్కడ చేరేవారు. ఏ ఓడ ఎక్కడ ఉన్నది, ఏది రేవు చేరింది, ఏది మునిగింది అన్న వార్తలు ఆ బల్లల దగ్గర దొరికేవి. ఆ వార్తలే 1734 నాటికి 'లాయిడ్స్ లిస్ట్' అనే పత్రికగా స్థిరపడినవి. ఆ హోటలు పేరే ప్రపంచంలోని పెద్ద బీమా సంతకు పేరైంది. 1850లో జూలియస్ రాయిటర్ అనే జర్మను బ్రసెల్స్‌కూ ఆహెన్ పట్టణానికీ నడుమ టెలిగ్రాఫు తీగ లేకపోవడం గమనించి, ఆ మేర పావురాల కాళ్లకు షేర్ల ధరలు కట్టి పంపించాడు. పావురం రైలు కంటె ముందు చేరేది. ఆ కాస్త ముందుకే వర్తకులు డబ్బిచ్చారు. మరుసటి ఏడు లండనులో ఆయన తెరిచిన కార్యాలయమే నేటి రాయిటర్స్ సంస్థకు మూలం.

కాఫీ హోటలుకు వచ్చినవారు ఓడల కబుర్ల మీద సరదాతో రాలేదు. పూచీపడిన ఓడ మునిగితే కొంప మునుగుతుందన్న భయంతో వచ్చారు. మనిషి వార్తకు డబ్బివ్వడు. వార్త తెలియక తాను పోగొట్టుకోబోయే దానిని కాపాడుకోవడానికి డబ్బిస్తాడు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే తక్కిన వ్యాపారమంతా విడిపోతుంది.

మన తెలుగువారిలోనే దీనికి చక్కని దృష్టాంతమున్నది. నిజామాబాదు జిల్లాకు చెందిన ఫణీంద్ర సామ బెంగళూరులో ఇంజనీరుగా పనిచేస్తూ, 2005 దీపావళికి ఇంటికి పోదామని బస్సు టిక్కెట్టు కోసం తిరిగి తిరిగి, దొరకక ఆగిపోయాడు. పండగ నాడు బెంగళూరులో చిక్కుకుపోయిన తెలుగువాడు ఆయనొక్కడే కాదు. తక్కినవారు విసుక్కుని ఊరుకున్నారు. ఆయన మాత్రం సీటు ఎందుకు దొరకలేదని విచారించాడు. ఏ బస్సులో ఏ సీటు ఖాళీ అన్నది బస్సు యజమాని దగ్గర కాగితపు చార్టు మీద ఉండేది. ఏజెంటు ఫోను చేసి అడగాలి. ఆయన చూసి చెప్పాలి. ఒక బస్సులో సీటు ఖాళీగా పోతుంటే, అదే ఊరికి పోవలసినవాడు మరొక ఏజెంటు గుమ్మం ముందు నిలబడి ఉంటాడు. ఇద్దరికీ నడుమ కావలసిందల్లా ఒక పట్టిక!

బిట్స్ పిలానీలో తనతో చదివిన సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి 2006లో ఆయన 'రెడ్‌బస్' ప్రారంభించాడు. ఖాళీ సీట్ల వివరాలు చూపించి ఊరుకుంటే ఆ వెబ్‌సైటు కూడా మా కుర్రవాని పుట మాదిరే మంచి పేరు తెచ్చుకుని మాడిపోయేది. యజమానులు మొదట కంప్యూటరు పద్ధతికి ఒప్పుకోలేదు. అప్పుడు వీరు ఏం చేశారంటే, ఒక్కొక్క యజమాని దగ్గర కొద్ది సీట్లు మాత్రం అడిగి తీసుకుని, అమ్మిపెట్టి, అమ్మినదానికే కమీషను పుచ్చుకున్నారు. సాఫ్ట్‌వేరు కంపెనీల గేట్ల వద్ద నిలబడి తమ చీటీలు పంచారు. సీట్లు అమ్ముడవుతుంటే యజమానులే మరిన్ని సీట్లిచ్చారు. ఆ తరువాత వారి చార్టులనే కంప్యూటరులోకి ఎక్కించే ఏర్పాటు కూడా రెడ్‌బసే చేసిపెట్టింది. 2013లో ఇబిబో సంస్థ దానిని కొన్నది; నేడది మేక్‌మైట్రిప్ నీడన ఉన్నది. చూచారా! సీటు ఖాళీ అన్న వార్తకు ప్రయాణీకుడు దమ్మిడీ ఇవ్వలేదు. సీటుకు ఇచ్చాడు. డబ్బు చేతులు మారే చోట నిలబడినందుకు రెడ్‌బస్‌కు వాటా వచ్చింది.

ఇంకొక దారి జొమాటోది. 2008లో ఢిల్లీలో దీపిందర్ గోయల్, పంకజ్ చడ్డా అనే ఇద్దరు ఉద్యోగులు హోటళ్ల వంటకాల ధరల కాగితాలను కంప్యూటరులోకి ఎక్కించి 'ఫుడీబే' అని పేరు పెట్టారు. అదొక ఉత్త పట్టిక. చూసేవారు పెరిగాక హోటళ్లవారు ప్రకటనలిచ్చారు. మొదట కొన్నేళ్లు ప్రకటనలే ఆదాయం. ఇంటికి భోజనం చేర్చే పని 2015 నాటిది. 2021లో ఆ సంస్థ షేర్లు బజారులోకి వచ్చినవి. ఇక్కడ తినేవాడు డబ్బివ్వలేదు. తినేవాడి కోసం కాచుకుని కూర్చున్న హోటలువాడు ఇచ్చాడు.

ఇప్పుడు మన ఆదోనికి వద్దాం. ధరల పట్టిక చూసే రైతు దగ్గర డబ్బు పుచ్చుకోవచ్చునా? పుచ్చుకోకూడదు, పుచ్చుకోజూసినా రాదు. పత్తి బండి అమ్ముడుపోయేదాకా రోజుకు పదిసార్లు చూస్తాడు, ఆ తరువాత మళ్లీ పంట దాకా చూడడు. ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, ఓడ దాటాక బోడి మల్లయ్య! అదీగాక ప్రభుత్వమే 2000లో అగ్‌మార్క్‌నెట్ అనే ధరల వెబ్‌సైటును, 2016 ఏప్రిల్ 14న ఇ-నామ్ అనే జాతీయ మార్కెట్టును ఏర్పాటు చేసింది. కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు పలికిన ధర – మూడూ అక్కడ ఉచితంగా దొరుకుతుంటే కొనేదెవరు?

ప్రకటనల మాట చూద్దాం. గూగుల్‌వారి ప్రకటనలు 2018 నుంచి తెలుగు పుటలకు కూడా వస్తున్నవి. లెక్క కోసం ఒక అంకె అనుకుందాం: పుట వెయ్యిసార్లు కనబడితే 50 రూపాయలు. రోజుకు 2,000 సార్లు కనబడితే 100 రూపాయలు; నెలకు 3,000. అదైనా పత్తి కాలంలోనే. వేసవిలో యార్డుతోపాటు పుటా నిద్రపోతుంది. రోజూ యార్డుకు తిరిగే పెట్రోలు ఖర్చు పోను మిగిలేదేమిటి?

మరి ఎవరు ఇస్తారు? "ఈ ధర తెలియక నష్టపడేవారి పేర్లు ఒక కాగితం మీద రాసుకురా" అన్నాను. వాడు వారం తరువాత రాసుకొచ్చాడు. జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు, కమీషను ఏజెంట్లు, గోదాములో సరుకు మీద అప్పిచ్చేవారు, లారీల వాళ్లు, విత్తనాలూ ఎరువుల దుకాణాలు. వీరికి కావలసింది నేటి ధర కాదు. అది వారికి ముందే తెలుసు. వారికి కావలసింది నిరుడు ఇదే వారంలో ఎంత ఉన్నది, యార్డుకు సరుకు ఎన్ని రోజులు ఎక్కువగా వచ్చింది, ఆముదాల ధర ఏ నెలలో లేస్తుంది అన్న సంగతి. అదంతా ఈ కుర్రవాని దగ్గర రెండేళ్ల దినచర్యగా పడి ఉన్నది! పాతబడినదని వాడు దానివైపు కన్నెత్తి చూడలేదు. పంచాంగం పాతబడితే చెల్లదు గాని, ధరల పట్టిక పాతబడిన కొద్దీ బలుస్తుంది. నెలకు 500 రూపాయల చొప్పున 40 మంది చేరితే 20,000. ఏడాదికి 2,40,000. బెంగళూరు జీతం కాదు. కాని ఆదోనిలో, కన్నవారి ఇంట్లో, గౌరవంగా బతకదగిన మొత్తమే. సేవలు అమ్మేవానికి జి.ఎస్.టి. రిజిస్ట్రేషను ఏటా 20 లక్షలు దాటితే గాని తప్పనిసరి కాదు గనుక ఆ బెడదా ఇప్పట్లో లేదు. 2016లో యు.పి.ఐ. వచ్చిన తరువాత వసూలు కోసం దుకాణం దుకాణం తిరిగే శ్రమా తగ్గింది.

రెండవ సలహా ఎమ్మిగనూరు మీదుగా వచ్చింది. ఆదోనికి ఎమ్మిగనూరు ఎంతో దూరం కాదు. అక్కడా యార్డున్నది. రెండూళ్ల నడిమి పల్లెలో ఉన్న రైతుకు తెల్లవారితే ఒకటే ప్రశ్న: బండి ఎటు తిప్పాలి? ఒక్క ఆదోని ధర వార్త మాత్రమే. ఎమ్మిగనూరు ధరను పక్కన పెట్టి, నడుమ బాడుగ తీసివేసి చూపితే అది ఆలోచన అవుతుంది. పత్తికైతే ఇంకొక లెక్కా ఉన్నది. 2025–26కు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అయితే తేమ 8 శాతం మించిన కొద్దీ ధర కోసుకుంటారు. 12 శాతం దాటితే పత్తి సంస్థ కొనదు. ఇంకొక రోజు ఎండబెడితే ఎంత వస్తుంది, ఈ రోజే యార్డులో తెగనమ్మితే ఎంత పోతుంది – ఇది రైతు చేతికి అందించే పట్టిక ప్రభుత్వ వెబ్‌సైటులో లేదు. ఎదుటివాని మనసులోని ప్రశ్నకు జవాబయ్యేలా అంకెలను పేర్చడంలోనే నేర్పంతా.

ఎమ్మిగనూరు పేరు చెప్పుకున్నాక మాచాని సోమప్పగారిని తలుచుకోకుండా ఉండలేము. చేనేతవాడు నేసిన బట్టకూ కొనేవానికీ నడుమ ఉన్న దూరమే నేతగాని దరిద్రానికి మూలమని గ్రహించి, 1938లో అక్కడ నేతపనివారి సహకార సంఘాన్ని నిలబెట్టిన మహనీయుడాయన. 1954లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. నడుమ నిలబడడం అంటే దళారి కావడమొక్కటే కాదనీ, ఇరువైపులవారికీ మేలు చేస్తూ కూడా నిలబడవచ్చుననీ ఈ గడ్డ మీద ఆయన అప్పుడే చూపించారు. వెబ్‌సైటు నడిపేవాడు కూడా నడుమ నిలబడేవాడే గదా!

ఇక చట్టం మాట. ధరలను ఏరి పెట్టుకోవడం దొంగతనమౌతుందా అని కుర్రవాని భయం. నిఘంటువును చూడమన్నాను. 1852లో బ్రౌను దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వేశాడు. అందులోని మాటలు ఆయనవి కావు, తెలుగు వాళ్లవి. ఏరడమూ, అర్థం చెప్పడమూ మాత్రం ఆయన శ్రమ. కోర్టులూ ఇంచుమించు ఈ తీరునే పోయినవి. 1991లో అమెరికా సుప్రీంకోర్టు ఒక టెలిఫోను డైరెక్టరీ కేసులో, అక్షర క్రమంలో పేర్లు పేర్చినంత మాత్రాన గ్రంథస్వామ్యం రాదన్నది. మన సుప్రీంకోర్టు 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో, శ్రమపడితేనే చాలదు, కొంత నేర్పూ వివేచనా కూడా కనబడాలన్నది. ప్రభుత్వం బయటపెట్టిన లెక్కలను మూలం చెప్పి వ్యాపారానికి సైతం వాడుకోవచ్చునని 2017 నాటి అనుమతిపత్రం ఉన్నది. అంటే అంకెలు అందరివీ. కనుక నీ అంకెలను రేపు ఎవడైనా ఎత్తుకుపోగలడు కూడా. ఎత్తుకుపోలేనిది నీ క్రమశిక్షణ ఒక్కటే. అయితే రైతుల పేర్లూ ఫోను నంబర్లూ వేరు సంగతి. అవి మనుషుల సొంత వివరాలు. వాటిని వారి సమ్మతి లేకుండా అమ్మడానికి 2023 చట్టం ఒప్పుకోదు. చట్టం మాట అటుంచి, మన ఊరి మర్యాద అసలే ఒప్పుకోదు.

ఇంతదాకా అంతా అంకెల మాట. అసలు పరీక్ష తరువాత వచ్చింది. చందాల కోసం తిరుగుతున్న కుర్రవానికి ఒక పెద్ద వర్తకుడు ఊహించనంత మొత్తం చూపించాడు. షరతు ఒక్కటే: సాయంకాలం ధర ముందు ఆయనకు చేరాలి, రైతుల పుట మీదికి మరునాటి ఉదయం ఎక్కాలి. "తప్పుడు ధర వెయ్యమనడం లేదు గదా నాయనా, ఒక్క రాత్రి ఆలస్యం చెయ్యమంటున్నాను" అన్నాడట. కుర్రవాడు ఆ రాత్రి నిద్రపోలేదు. నలభైమంది దగ్గర పోగు చెయ్యవలసినది ఒక్కడే ఇస్తానంటున్నాడు!

పావురం కాలికి ధరలు కట్టిన రాయిటర్ చేసిందీ ఇదే కదా అని మీకు తోచవచ్చు. కాదు. పావురం రాక ముందు ఆ వార్త ఎవరికీ లేదు; ఆయన లేని వేగాన్ని తెచ్చి అమ్మాడు. ఇక్కడ రైతుకు రెండేళ్లుగా సాయంకాలమే అందుతున్న ధరను వెనక్కు లాగి, ఆ వెనకబాటును అమ్మమంటున్నారు. తెల్లవారుజామున బండి కట్టే రైతు నిన్నటి ధర తెలియక బయలుదేరాలి. ఆ రాత్రి ఖరీదు ఎవరి మూటలోంచి వస్తుందో చెప్పనక్కరలేదు.

ఈ మాట వాని తండ్రి నోటనే వచ్చింది. నలభై ఏళ్లు మిల్లులో కాటా దగ్గర లెక్కలు రాసిన మనిషి. "రేటు ఆపడమంటే తూకంలో వేలు పెట్టడమేరా" అన్నాడట. కొడుకును బెంగళూరు పొమ్మని పోరుపెట్టిన తండ్రే ఆ సొమ్ము వద్దన్నాడు.

వర్తకునికి కుర్రవాడు మర్యాదగానే కాదన్నాడు. నేటి ధర అందరికీ ఒకే వేళకు, ఉచితంగా. పాత లెక్కలూ, నెలవారీ పట్టికలూ చందా ఇచ్చినవారికి – అని పుట పైనే రాసిపెట్టాడు. నేనిది రాసేనాటికి పదకొండుమంది చేరారు. వారిలో మిల్లులవారే ఎక్కువ. "రైతులు నమ్మే పట్టిక గనుకనే మాకూ పనికొస్తుంది" అని వారిలో ఒకరు నాతోనే అన్నారు. ఉచితంగా ఇచ్చినదే, అమ్మేదానికి విలువ తెచ్చిపెట్టిందన్నమాట. పదకొండు నలభై కావడానికి ఎంతకాలం పడుతుందో తెలియదు. మేనమామ మాత్రం గడువు దసరా దాకా పొడిగించాడు. ఎమ్మిగనూరు యార్డు ధరలు పంపడానికి అక్కడి స్నేహితుడొకడు కుదిరాడు. వచ్చే పంటకు రెండూళ్ల ధరలూ పక్కపక్కన కనబడతాయి.

ఏదో ఒక పట్టిక పేర్చుకుని కూర్చున్న పిల్లలు ఈనాడు చాలా ఇళ్లలో ఉన్నారు. వారి తల్లిదండ్రులు "ఇందులో ఎంత వస్తుంది?" అని అడగడంలో తప్పు లేదు. కాని దానితోపాటు మరి రెండు ప్రశ్నలు కూడా అడగండి. ఇది తెలియకపోతే ఎవరికి నష్టం? ఆ నష్టం తప్పించినందుకు డబ్బు పుచ్చుకుంటున్నావా, లేక ఆ నష్టం కలిగించడానికి పుచ్చుకుంటున్నావా? ఈ రెంటికీ బిడ్డ కళ్లలోకి చూసి జవాబు చెప్పగలిగితే, కొన్నాళ్లు ఓపిక పట్టండి. కాటా నిలబడిన చోటికి సరుకు తనంతట తానే వస్తుంది.